పెద్దంగడి నుంచి నేరుసంతకు

చైత్రం, శుద్ధ దశమి. గాలి ఆగ్నేయం. కెరటం తక్కువ. నీటి నిల్వ బాగుంది.

పొద్దున్నే నాచు తాళ్ళు లాగాను. ఎర్రనాచు బాగా పట్టింది. మా ఆయన దానయ్య తెప్ప అంచున కూర్చుని చిక్కులు తీశాడు. ఇవాళ రక్తం కడిగే రోజు కాదు కాబట్టి మనిషి హుషారుగా ఉన్నాడు. ఆయన మూత్రపిండాలు పనిచేయడం మానేసి చాలా కాలమైంది. వారంలో మూడు పూటలు యంత్రం పక్కన పడుకోవాలి. అది ఒక్క పూటలో తాగే మంచినీళ్ళు మా ఇద్దరికీ నెలపాటు సరిపోతాయి.

తెప్ప నడిపే ప్రతివాళ్ళూ దినచర్య రాయాలన్నది, సముద్రం మీద తెప్పలన్నీ కలిపి కట్టిన మా తేలూరు కట్టుబాటు. గాలి, కెరటం, పంట, నీళ్ళు రాస్తే చాలంటారు. మనుషుల గురించి రాయనిదే నా చెయ్యి ఆగదు. చూసేవాళ్ళు మన్నించాలి.

మధ్యాహ్నం హైమవతి టీచరు పడవ మళ్ళీ వచ్చింది. బడి తెప్ప మీద పిల్లలకు లెక్కలు చెబుతుంది. బడి లేని పూట తెప్ప తెప్పకీ తిరిగి ఒకటే మాట చెబుతుంది. పడవ కనపడగానే జనం పని ఉన్నట్టు లోపలికి పోతారు. నా చేతులు నాచులో ఉండిపోవడంతో దొరికిపోయాను.

"కొండమ్మక్కా, మీ చుక్కలు ఎక్కడ దాచుకున్నారు?" అంది.

"ఎక్కడేటమ్మా, పెద్దంగడిలోనే."

"అక్కడున్నంత కాలం అవి పెద్దంగడివక్కా. మీ దగ్గరున్నది వాళ్ళిచ్చిన మాట ఒక్కటే."

"మాటిస్తే సాలదేటి? ఆ అంగట్లో కూకున్నోడు మా తమ్ముడే గదా."

ఆమె నవ్వి, చెంబుడు నీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయింది.

నాచు అమ్మితే మాకు కిరణాలు వస్తాయి. కిరణమంటే నిల్వ చేసిన కరెంటులో ఒక వాటా. మంచినీళ్ళు తెచ్చే నీటి ఓడ దగ్గర మాత్రం చుక్కలే చెల్లుతాయి; చుక్కంటే ఆ నీళ్ళలో ఒక వాటా. కిరణాలిచ్చి చుక్కలు మార్చుకునేది పెద్దంగడిలోనే, దాచుకునేదీ అక్కడే. తేలూరు కట్టినప్పటి నుంచీ ఇంతే. మా తమ్ముడు సన్యాసిరావు ఆ అంగడికి ఇక్కడి అధికారి. వాడి వేలిముద్ర పడందే ఒక్క చుక్క బయటికి రాదు. వాడు ఆ కుర్చీలో కూర్చున్న రోజున ఊరంతా మా తెప్ప మీదికి వచ్చి చేపల పులుసు తిన్నారు.

వైశాఖం, బహుళ తదియ. గాలి లేదు. ఎండ. పంట మామూలు.

తమ్ముడు భోజనానికి వచ్చాడు. విస్తరి ముందు కూర్చున్నాడో లేదో, టీచరు పడవ కూడా తెప్పకు తగిలింది. పొమ్మనడానికి నోరు రాలేదు. ఆమెకూ వడ్డించాను.

"అప్పా, ఈ టీచరమ్మ మన జనాన్ని పాడుసేత్తంది. అంగట్లో ఉన్నదంతా తీసీసి ఎవలికి ఆళ్ళు దాసుకోమంటంది. సముద్రంలో పడీసుకుంటే ఎవుడు తెచ్చిస్తాడు?" అన్నాడు తమ్ముడు. అక్కను మా వైపు అప్ప అంటారు.

టీచరుకు కోపం రాలేదు. "మీరు చెప్పింది నిజమే సన్యాసిరావుగారూ. పోగొట్టుకుంటే ఎవరూ తెచ్చివ్వలేరు. ఆ మాట నేనూ ముందే చెబుతున్నాను. కానీ ఒకటి అడుగుతాను. మీ అంగడిలో జనం దాచుకున్న చుక్కలన్నీ ఉన్నాయా?"

"ఉండక?"

"మీరు చూశారా?"

"మా పెద్దలు సూత్తారు."

"మీరు చూశారా?"

తమ్ముడు ముద్ద కలుపుతూ ఉండిపోయాడు. దానయ్యే కలగజేసుకుని, "అన్నం దగ్గర తగువేటర్రా, పులుసు సల్లారిపోతంది," అన్నాడు.

టీచరు వెళ్ళాక తమ్ముడు నాతో, "నీ దగ్గర కూడా ఇదే సెప్తందా?" అన్నాడు. చెబుతుందన్నాను. "నువ్వు మాత్రం ఇనకప్పా. సొంత అప్పే తీసీసుకుందంటే ఇంకెవుడుంచుతాడు?" అన్నాడు. విననని మాటిచ్చాను.

జ్యేష్ఠం, శుద్ధ అష్టమి. గాలి నైరుతికి తిరిగింది. నీటి నిల్వ తక్కువ.

నిన్న దానయ్య యంత్రానికి నీళ్ళు కొనాలని, చుక్కల కోసం పెద్దంగడికి వెళ్ళాను. తలుపు మీద "మరమ్మతు జరుగుతున్నది" అని వెలుగుతోంది. లోపల తమ్ముడు చెమటలు కక్కుతున్నాడు.

"రేపొచ్చీయప్పా. పైనుంచి యంత్రాలు బాగుసేత్తన్నారట."

ఇవాళ పొద్దున కూడా అదే మాట. దానయ్య పాదాలు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరి ఆడడం లేదని కూర్చునే ఉన్నాడు. పక్క తెప్ప పోలయ్య మామ తన పీపా మా తెప్ప మీదికి దొర్లించాడు. వాళ్ళింట్లో చంటిబిడ్డ ఉంది. వద్దన్నాను.

"పిల్లకి పాలున్నాయే. నీ మొగుడికేటున్నాయి?" అన్నాడు.

ఆ నీళ్ళతో ఒక పూట గడిచింది. పోలయ్య మామకు దండం పెడితే విసుక్కున్నాడు. ఇక్కడ రాస్తే విసుక్కోలేడు కాబట్టి రాస్తున్నాను. ఆ పూట మా ఇంటి దీపం నిలబెట్టింది ఆయనే.

సాయంత్రానికి పెద్దంగడి కొద్దిగా చుక్కలు వదిలింది. అడిగినదాంట్లో సగం కూడా లేవు. తమ్ముడు నా మొహం వైపు చూడలేదు. మరమ్మతు యంత్రానికయితే అది కొద్దికొద్దిగా ఎలా ఇస్తుందని ఇంటికి వచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

జ్యేష్ఠం, పున్నమి. కెరటం ఎక్కువ. నాచు తాళ్ళు రెండు తెగాయి.

ఈసారి నేనే బడి తెప్పకు వెళ్ళాను. టీచరు "చెప్పానా" అనలేదు. చాప వేసి కూర్చోబెట్టింది.

నేరుసంత అంటే ఒక చోటు కాదట. ప్రతి తెప్ప స్తంభానికీ ఉండే సంకేతాల పెట్టెలోనే అది నడుస్తుంది. ఎవరు ఎవరికి ఏమిచ్చారన్నది అన్ని పెట్టెల్లోనూ ఒకేలా పడుతుంది. మధ్యలో కుర్చీ లేదు, వేలిముద్ర వేసే అధికారీ లేడు. ఉన్నవాళ్ళు కొందరు తమ కిరణాలూ చుక్కలూ కలిపి ఉమ్మడి కుండలో పోస్తారు. నేను అందులో కిరణాలు వేస్తే ఆ పూట ధరకి చుక్కలు వస్తాయి. కుండలో పోసినవాళ్ళకు కొంచెం ప్రతిఫలం ముడుతుంది.

"ధర పూటపూటకీ మారుతుందక్కా. చూసుకుని నొక్కాలి. తప్పు పేరుకు పంపితే తిరిగి రాదు."

"మరి తాళం?"

"నేరుసంతలో మీ సొంత పెట్టెకు పన్నెండు మాటలే తాళం. అవి తెలిసినవాళ్ళదే సొమ్ము. మీరు మర్చిపోతే నేను చేసేది ఏమీ లేదు."

నేను వయసు మీదపడుతున్న మనిషిని. నిన్న ఉప్పు ఎక్కడ పెట్టానో ఇవాళ వెతుక్కుంటాను. లేవబోయాను. టీచరు నా చెయ్యి పట్టుకుంది.

"మా అమ్మ ఇలాగే లేచి వెళ్ళిపోయిందక్కా. మాది దక్షిణ తేలూరు. అక్కడా ఒక అంగడే ఉండేది. మూసేసిన రోజున అమ్మ దాని తలుపు దగ్గర కూర్చుంది. ఎవరెంత పిలిచినా రాలేదు. తెరుస్తారు, తెరుస్తారు అంటూనే ఉంది. అప్పటికే నాకు ఇవన్నీ తెలుసు. అమ్మకు ఓపిగ్గా చెప్పలేదు. అందుకే ఇప్పుడు అందరి తెప్పలూ ఎక్కుతున్నాను, తిట్టినా సరే."

నేను మళ్ళీ కూర్చున్నాను.

మర్చిపోయేవాళ్ళ కోసం ఒక పద్ధతి చెప్పింది. ఆ మాటలను మూడు ముక్కలుగా మార్చి ముగ్గురికి ఇవ్వాలి. ఏ ఒక్కరి ముక్కతోనూ పెట్టె తెరుచుకోదు. ఏ ఇద్దరు కలిసినా తెరుచుకుంటుంది. "ముగ్గురి పేర్లు చెప్పండి," అంది.

"నువ్వు. పోలయ్య మామ. మా తమ్ముడు."

"ఆయన పెద్దంగడి మనిషి కదక్కా!"

"నాకు అపనమ్మకం అంగడి మీదమ్మా. ఆడి మీద కాదు."

పరీక్షగా కాస్త కిరణం ఉమ్మడి కుండలో వేశాను. చాప మీద నుంచి లేవకముందే చుక్కలు వచ్చాయి. మధ్యలో ఎవరి మొహమూ చూడలేదు, ఎవరినీ బతిమాలలేదు. నాకెందుకో ఏడుపొచ్చింది. టీచరు కూడా కళ్ళు తుడుచుకుని, పిల్లలు చూస్తారని అటు తిరిగింది.

జ్యేష్ఠం, బహుళ విదియ. గాలి తగ్గింది.

తమ్ముడికివ్వాల్సిన ముక్క పట్టుకుని వాడి దగ్గరికి వెళ్ళాను. విననని ఇచ్చిన మాట తప్పానని చెప్పాను. ఎందుకు తప్పానో కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను.

"నువ్వు అంగడి ఒదిలేత్తా, తాళం మల్లా నాకే ఇత్తన్నావేటప్పా?"

"అంగడికి ఇత్తన్నానేట్రా? నీకు ఇత్తన్నాను."

వాడు ముక్క తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. నేను పడవెక్కుతుంటే వెనకనుంచి, "బావకి ఎలాగుంది?" అని అడిగాడు. బాగానే ఉన్నాడన్నాను. బాగాలేడని వాడికీ తెలుసు.

ఆషాఢం, శుద్ధ చవితి. తుపాను హెచ్చరిక. గాలి తూర్పు నుంచి. తాళ్ళన్నీ పైకి లాగేశాం.

ఈ రోజు సంగతి ఎక్కువ రాయాలి.

తుపాను వస్తోందంటే ప్రతి తెప్పా నీళ్ళు నింపుకుంటుంది. తెల్లవారేసరికి పెద్దంగడి చుట్టూ పడవలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. తలుపు మీద మళ్ళీ "మరమ్మతు" వెలుగుతోంది. జనం అరుస్తున్నారు. ఎవరో తెడ్డుతో తలుపు బాదారు.

తమ్ముడు బయటికి వచ్చాడు. ఎత్తు పీట మీద నిలబడి చెప్పాడు.

"పైనుంచి కబురొచ్చింది. ఇయ్యాల నుంచి ఎవలికీ ఏటీ ఇవ్వొద్దన్నారు. యంత్రం బాగానే ఉంది. మరమ్మతు అన్నది అబద్ధం. ఇన్నాళ్ళూ నాకూ తెల్దు, ఇప్పుడే తెలిసింది. నా ఏలిముద్ర ఇంకా పనిసేత్తంది. అది ఆపీసేదాకా ఇత్తాను. వరసలో రండి."

తర్వాత వాడు నా వైపు చూసి, "అప్పా, ఆ టీచరమ్మని పిలు. బేగి!" అన్నాడు.

ఎందుకో నాకు వెంటనే అర్థమయింది. అంగడి నుంచి తీసినవి పెట్టుకోవడానికి నేరుసంతలో పన్నెండు మాటల సొంత పెట్టె కావాలి. సగం మందికి పైగా అది లేదు. పోలయ్య మామ నన్ను పడవలో బడి తెప్పకు తీసుకుపోయాడు. టీచరు కట్టుకున్న చీరతోనే దూకి పడవెక్కింది.

తమ్ముడూ టీచరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. టీచరు ఒక్కొక్కరికీ పెట్టె తెరిచి, పన్నెండు మాటలు వాళ్ళకే కనపడేలా తిప్పి చూపించి, గట్టిగా పైకి చదవొద్దని చెప్పేది. ఆమె తల ఊపగానే తమ్ముడు వేలు నొక్కేవాడు. వాన మొదలయింది. ఎవరూ కదల్లేదు. ముసలమ్మలు మాటలు వల్లెవేసుకుంటూ పెదాలు ఆడిస్తున్నారు, మంత్రం చదువుతున్నట్టు.

నేను ముందే వరుసలో నిలబడలేదు. టీచరును తేవడానికి పోయినదాన్ని, వచ్చేసరికి వరుస చివర పడ్డాను. అంగడి కొద్దికొద్దిగానే వదలడంతో దానయ్య పేరు మీద ఉన్నదంతా ఇంకా అందులోనే ఉంది. ముందుకు వెళ్ళి తమ్ముడి భుజం తట్టాను.

"తమ్మా, మీ బావ..."

వాడు తల ఎత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వరసలో నిలబడప్పా. నిన్ను ముందు తీత్తే ఈళ్ళందరూ నా మీద పడీత్తారు, వరస తెగిపోద్ది. అప్పుడు ఎవలికీ అందదు."

నేను వెనక్కి వచ్చి నిలబడ్డాను. అంత భయం నేనెప్పుడూ పడలేదు. అయినా వాడన్నది సబబేనని తెలుసు. నా ముందు నిలబడ్డ ఒక అమ్మాయి వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఎవరో కూడా తెలియదు. "మీ ఆయనకేనా మిషను?" అని, నన్ను తన ముందుకు తోసింది. ఆమె ముందున్నవాడూ జరిగాడు. అలా ఒకరి తర్వాత ఒకరు, ఎవరూ ఎవరినీ అడగకుండా, నన్ను చేతుల మీద దాటించారు. బల్ల దగ్గరికి వచ్చేసరికి తమ్ముడు తల కూడా ఎత్తలేదు. వరుసే నన్ను పంపింది కదా. వేలు నొక్కాడు. దానయ్య నీళ్ళు నా పెట్టెలోకి వచ్చాయి.

గాలి బలపడ్డాక తమ్ముడి వేలు పనిచేయడం ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. చొక్కాకు తుడిచి నొక్కాడు. ఇంకా కొద్దిమంది మిగిలారు. నన్ను ముందుకు తోసిన అమ్మాయి వాళ్ళలో లేదు, నేను చూసుకున్నాను. మిగిలినవాళ్ళ ముందు వాడు చేతులు జోడించాడు. వాడి సొంత చుక్కలూ లోపలే ఉండిపోయాయి. తన పేరు అందరికన్నా చివర పెట్టుకున్నాడట.

శ్రావణం, శుద్ధ విదియ. తుపాను దాటి చాలా రోజులయింది. స్తంభం వంగింది. తెప్ప నిలబడింది.

పెద్దంగడి లేదు. అది నడిచే పడవను లంగరు తీసి ఎటో లాక్కుపోయారు. జనం దాచుకున్న చుక్కలను దూర నగరంలో మేడలు కట్టేవాళ్ళకు అప్పిచ్చారని, అవి తిరిగి రాలేదని కబురు వచ్చింది.

తుపాను ఆగని ఆ రోజుల్లో మన నీటి ఓడ రాలేదు. సగం స్తంభాలు పడిపోయాయి. అయినా మిగిలిన పెట్టెల్లో నేరుసంత నడుస్తూనే ఉంది. ఉత్తరాన ఉన్న ఇంకో తేలూరు వాళ్ళు ఉమ్మడి కుండలోంచి మా కిరణాలు తీసుకుని, గాలి తగ్గగానే నీటి పీపాలు వరుసగా కట్టి తోసుకొచ్చారు. వాళ్ళ మొహాలు మేమెన్నడూ చూడలేదు. దానయ్య యంత్రం పక్కన పడుకుని, గొట్టంలో తన రక్తం తిరుగుతుంటే, "ఇయి ఎవలి నీల్లే కొండా?" అని అడిగాడు.

"తెల్దు మావా."

"ఎవలివైనా, ఆళ్ళ పిల్లలు సల్లగుండాల."

పెద్దంగడిలో చుక్కలు పోగొట్టుకున్న ఇళ్ళవాళ్ళ కోసం టీచరు ఒక ఏర్పాటు చేసింది. ఉమ్మడి కుండ ప్రతిఫలంలో తలా కొంచెం వాళ్ళకు పోతోంది. పోయినదంతా రాదు. యంత్రాలు ఆగకుండా, పిల్లలు దాహంతో ఉండకుండా ఆ కొంచెం సరిపోతుంది. ఒక్క తెప్పా కాదనలేదు.

భాద్రపదం, శుద్ధ నవమి. గాలి చల్లగా ఉంది. ఎర్రనాచు మళ్ళీ పట్టింది.

కొలువు పోయిన దగ్గర్నుంచి తమ్ముడు మా తెప్ప మీదే ఉంటున్నాడు. మొదట్లో ఎవరి పడవ వచ్చినా లోపలికి పోయి పడుకునేవాడు. చుక్కలు అందనివాళ్ళ మొహం చూడలేనని అనేవాడు. దానయ్యే వాడిని బయటికి లాగాడు. "నాకు ఒంట్లో బాగునేదు, వంగిన స్తంభం నువ్వే నిలబెట్టాల," అన్నాడు. మా స్తంభం నిలబెట్టాక పోలయ్య మామది, ఆ తర్వాత ఇంకొకరిది. ఇప్పుడు వాడికి తీరిక లేదు.

ఇవాళ వాడి కూలి చుక్కలు మొదటిసారి వాడి సొంత పెట్టెలో పడ్డాయి. పన్నెండు మాటలు నేర్పడానికి టీచరు వచ్చింది. వాడు బడి పిల్లాడిలా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మాటలు పలికి, తప్పి, మళ్ళీ పలికాడు.

"ముక్కలు ఎవరికిస్తారు సన్యాసిరావుగారూ? ముగ్గురి పేర్లు చెప్పండి," అంది టీచరు.

వాడు నన్ను చూపించాడు. కాస్త తటపటాయించి, "మీరు మోత్తారా టీచరమ్మా?" అన్నాడు. ఆమె తల ఊపింది. మూడో పేరు దగ్గర ఆగిపోయాడు.

"నన్నెవుడు నమ్ముతాడప్పా? నాది పట్టుకోమని ఎవుణ్ణి అడగను?"

పక్క తెప్ప మీద వల ఆరేస్తున్న పోలయ్య మామకు ఆ మాట వినపడింది. "అడగడమేట్రా? తే ఇటు," అంటూ మా తెప్ప మీదికి అడుగేశాడు. ఆయన వెనకే వాళ్ళ కోడలు, చంకలో బిడ్డతో. అటుగా పోతున్న పడవలోంచి ఎవరో, "ఏటి సంగతి?" అని అడిగారు. మామ గట్టిగా చెప్పాడు. ఆ పడవ ఆగింది. దాని వెనక ఇంకొకటి. వరుసలో నిలబడి నన్ను ముందుకు తోసిన అమ్మాయి వచ్చింది. ఆ రోజు వాడి వేలు ఆగిపోయి ఏమీ అందకుండా తిరిగివెళ్ళిన ముసలాయన కూడా వచ్చి, "నాకియ్యి బాబూ, నేను దాస్తాను," అని చెయ్యి చాపాడు.

తమ్ముడు ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

జనం ఎక్కుతూనే ఉన్నారు. తెప్ప ఒక పక్కకు ఒరిగి, నీళ్ళు నా కాళ్ళ మీదికి వచ్చాయి. మునిగిపోతామర్రా, దిగండి అని అరిచాను. ఒక్కరూ దిగలేదు.